హావెయా ఒడ్డున టోపీలు

టిమరు
1997 జనవరి 12

బ్రైడీకి,

ఇవాళ జనవరి పన్నెండు, ఆదివారం. నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నేను నోరు విప్పినప్పుడల్లా అడ్డొచ్చి, చివరికి పెట్టేశాడు. ఉత్తరానికి ఎవరూ అడ్డు రాలేరు. అందుకే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

మార్చి మొదటి వారంలో నేను బస్సు యాత్రకు వెళ్తున్నాను. టెకపో, పుకాకి సరస్సులు, ఔరాకి కొండ, లిండిస్ కనుమ దాటి హావెయా సరస్సు, అక్కడి నుంచి హాస్ట్ మీదుగా పడమటి తీరం, హిమానీనదాలు. ఒక్కదాన్నే కాదు. రావిరి వస్తున్నాడు. ఇద్దరికీ ఒకే గది తీసుకున్నాను. మీ నాన్న ఫోన్ పెట్టేసింది ఈ వాక్యం దగ్గరే.

రావిరి ఎవరో నీకు సరిగ్గా తెలియాలి. మీ నాన్న చెప్పేది వేరుగా ఉంటుంది. మనకు దగ్గర్లోని అరోఫెనువా ఊరి మనిషి, ఈ దేశపు మొదటివాళ్ళైన మావోరీల్లో ఒకడు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలాకాలమైంది. నేను బౌలింగ్ క్లబ్బులో, పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటకి, కొలతలూ లెక్కలూ చూస్తానని నీకు తెలుసు కదా. ఒకరోజు నా కొలత తప్పని అందరి ముందూ నిరూపించాడు. క్లబ్బులో ఇంతవరకూ ఎవరూ ఆ పని చెయ్యలేదు. అప్పటి నుంచి అతనంటే నాకు గౌరవం. తక్కినది నీకు అనవసరం.

"నాన్న పోయి రెండేళ్ళు కూడా కాలేదు" అని మీ నాన్న అన్నాడు. నిజమే, జూన్‌కి గాని నిండవు. రెండేళ్ళ తరువాతే బస్సెక్కాలని ఎక్కడ రాసుందో చూపించమన్నాను. చూపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బస్సు హావెయాలో ఆగుతుంది. మీ తాతయ్య కీత్ అస్థికలు ఇంకా నా అల్మారాలోనే ఉన్నాయి. మీ నాన్న రెండు వేసవులుగా వస్తాను వస్తాను అంటున్నాడు గాని రాలేదు. వాటిని ఆ సరస్సులో కలుపుతామని ఆస్పత్రిలో మీ తాతయ్యకు మాటిచ్చింది నువ్వు. నువ్వు బడిలో పాఠాలు చెప్పాలి, రాలేవు. కాబట్టి ఆ పని నేను ముగిస్తాను. సరస్సు ఒడ్డున చదవడానికి నాలుగు మాటలు రాసి పంపు. నాలుగంటే నాలుగే, బస్సు ఎక్కువసేపు ఆగదు.

హావెయాలో కీత్ కోసం చిన్న కార్యక్రమం ఉందని రావిరికి చెప్పాను. సరే అన్నాడు.

నీ కిందటి ఉత్తరంలో తేదీ లేదు.

మీ నానమ్మ
మెర్ల్


వైటాంగి, చాథమ్ దీవులు
1997 ఫిబ్రవరి 2 (తేదీ వేశాను, చూసుకో)

ప్రియమైన నానమ్మకు,

నీ ఉత్తరమూ నాన్న ఉత్తరమూ ఒకే విమానంలో వచ్చాయి. నాన్నది చాలా పొడుగు. నిన్ను ఎలాగైనా ఆపమని నాకు పని అప్పజెప్పాడు. ఇదిగో, ఆపుతున్నాను: నానమ్మా, వెళ్ళొద్దు. నా పని అయిపోయింది.

అయినా ఒక్క మాట అడగాలి. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడితో కొండలకు వెళ్తానంటే, పట్టుబట్టి రెండు గుడారాలు కొనిపించింది ఎవరు? ఆ రెండోది ఇంకా మన షెడ్డులోనే ఉంది. కావాలంటే రావిరి గారికి ఇచ్చెయ్.

మా బడిలో అందరూ బాగున్నారు. గాలి ఆగదు. జుట్టు దువ్వుకోవడం మానేశాను. ఇక్కడి మావోరీ ఆవిడ హినెవై గారింట్లోనే ఉంటున్నాను. ఆవిడ చేపల కూర తిని లావెక్కాను.

తాతయ్య కోసం రాసిన మాటలు వేరే కాగితం మీద పెట్టాను. చాలాసార్లు కొట్టేసి రాశాను. నువ్వు నాలుగన్నావు, అయిదయ్యాయి. ఇక్కడి తీరంలో ఏరిన చిన్న గవ్వ కూడా పంపుతున్నాను. ఆయనతో పాటు దాన్నీ నీళ్ళలో వెయ్. వేసేటప్పుడు నా పేరు పైకి చెప్పు. గాలి అటు వీస్తే ఆయనకి వినిపిస్తుంది.

థాంక్స్ నానమ్మా. తాతయ్యకిచ్చిన మాట రోజూ గుర్తొస్తూనే ఉంటుంది. ఇక రాదేమో.

నీ
బ్రైడీ


ఫాక్స్ గ్లేసియర్
1997 మార్చి 6

బ్రైడీకి,

ఇక్కడ వాన. పడమటి తీరంలో వాన గురించి రాయడం సిరా దండగ.

నీ మాటలు హావెయా ఒడ్డున చదవలేదు. గవ్వ నీళ్ళలో వెయ్యలేదు. మీ తాతయ్య ఈ గదిలోనే, కిటికీ పక్కన కుర్చీ మీద ఉన్నాడు. జరిగింది వరసగా రాస్తాను. చివరిదాకా చదువు, అప్పుడు కోప్పడు.

శ్మశానం వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ పెట్టె కారు బ్యాటరీలా ఉంటుంది, మూత పట్టదు. కొండదారిలో ఒలికిపోతుందని కీత్‌ని క్రిస్మస్ కేకు డబ్బాలోకి మార్చాను. దాని మూత గట్టిది. అల్లం బిస్కెట్లది ఇంకో డబ్బా. ఆ రెండూ, శాండ్‌విచ్‌లూ, ఫ్లాస్కూ ఒకే సంచిలో సర్దాను. మనవాళ్ళలో ఎవరైనా అలాగే సర్దుతారు. అందులో తప్పుందని నాకు తోచనే లేదు.

రెండో రోజు పుకాకి దగ్గర మబ్బు విడిపోయి ఔరాకి మొత్తం కనిపించింది. అందరూ ఫోటోలు తీస్తుంటే రావిరి టోపీ తీసి, ఇంట్లో పెద్దవాళ్ళను పలకరించినట్టు ఆ కొండతో మెల్లగా ఏదో మాట్లాడాడు. తరువాత భోజనానికి గడ్డిలో కూర్చున్నాం. అతను సంచిలో చెయ్యి పెట్టాడు.

"కేకు తెచ్చి దాచుకున్నావా, దొంగదానా" అని మూత తీశాడు.

"అది కీత్" అన్నాను.

మూత మళ్ళీ పెట్టాడు, పడుకున్నవాళ్ళ గది తలుపు వేసినట్టు. లేచి మరుగుదొడ్ల దగ్గర కొళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కున్నాడు, తల మీద నీళ్ళు చల్లుకున్నాడు. తిరిగొచ్చి డబ్బాను సంచిలోంచి తీసి, బస్సులో వెనక ఖాళీ సీటు మీద తన కోటు పరిచి దాని మీద పెట్టాడు. ఆ రోజు అతనేమీ తినలేదు. ఏమైందంటే ఏం లేదన్నాడు. నేను అన్నేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, "ఏం లేదు" అనే జవాబు దిద్దకుండా వదలను. ఒమరామాలో గదికి చేరాక అడిగి చెప్పించాను.

"మెర్ల్, తిండి పక్కన పోయినవాళ్ళని పెట్టం. నీకు తెలీదు, పర్లేదు. రేపు హావెయాలో ఏం చెయ్యబోతున్నావ్?"

చెప్పాను. అతను ఏదో ప్రార్థన అనుకున్నాడట, నీళ్ళలో కలుపుతానని అనుకోలేదట.

"మా పాతవాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఆ సరస్సు దాకా నడిచొచ్చి మలుగు చేపలు పట్టేవాళ్ళు. మావాళ్ళు ఇప్పటికీ పడతారు. మాకు తిండి పెట్టే నీళ్ళవి."

"అయితే వద్దంటావా?"

"నేననను. కీత్ నీ మొగుడు. నేను బస్సులోనే కూర్చుంటా, అటు చూడను. పని చూసుకుని రా, టీ తాగుదాం."

నేను కలిపాక ఆ చేప మళ్ళీ తింటావా అని అడిగాను. తిననన్నాడు. మీవాళ్ళకి చెప్తావా అన్నాను. తెలిసి వాళ్ళకెలా తినిపిస్తానన్నాడు. ఇందులో ఎక్కడా గొంతు పెంచలేదు. దుప్పటి సర్దుకుని పడుకున్నాడు. కాస్త అరిచి ఉంటే నాకు తేలికయ్యేది, నేనూ అరిచేదాన్ని.

మర్నాడు హావెయా. మా డ్రైవరు నోయెల్ మంచివాడు. చిక్కంతా అదే. నేను ముందురోజు అతనికి చెప్పి ఉంచిన సంగతి మైకులో అందరికీ చెప్పేశాడు. బస్సంతా దిగింది. ఒడ్డున వరసగా నిలబడి టోపీలు తీశారు. ఒకాయన దారి పక్క పూలు కోసుకొచ్చాడు. మిసెస్ పెటిగ్రూ అనే ఆవిడ నన్ను అడగకుండానే ప్రార్థనగీతం ఎత్తుకుంది, అదీ తప్పు శ్రుతిలో. నీళ్ళు అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. చేతిలో డబ్బా పట్టుకుని పాట అయ్యేదాకా ఆగాను.

"టోపీలు పెట్టుకోండి. ఈ పని ఇక్కడ జరగదు" అన్నాను.

మిసెస్ పెటిగ్రూ నా భుజం మీద చెయ్యి వేసి, పాపం ధైర్యం చాల్లేదు అంది. ధైర్యం చాలింది కాబట్టే జరగదని చెప్పి, ఆ చెయ్యి తీసి ఆవిడకే ఇచ్చేశాను.

రావిరి బస్సులో రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"కాలేదు. కాదు."

"నా కోసమైతే వద్దు మెర్ల్."

"నీ కోసమని ఎవరన్నారు? ఇంకొకళ్ళ కూరకుండలో నా మొగుణ్ణి పొయ్యను. పక్కన నువ్వున్నా అంతే, లేకపోయినా అంతే."

ఇవాళ మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. హిమానీనదం అంచు దాకా నడిచాం. దూరం నుంచి తెల్లగా, దగ్గరికి వెళ్తే మురికిగా, పగుళ్ళ లోపల నీలంగా ఉంది. కదలనట్టే కనిపిస్తుంది గాని లోపల ఎక్కడో పెళ్ళుమని విరుగుతుంటుంది. మేమిద్దరం ఒకే గొడుగు కింద నిలబడి విన్నాం. మిసెస్ పెటిగ్రూ మమ్మల్ని చూసింది. చూడనీ.

మీ నాన్నకు ఇంకా చెప్పలేదు. మాటిచ్చింది నువ్వు, కాబట్టి ముందు నీకు తెలియాలి.

మీ నానమ్మ
మెర్ల్


వైటాంగి
1997 మార్చి 23

నానమ్మకు,

చివరిదాకా చదివాను. ఇప్పుడు కోప్పడుతున్నాను.

ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం నువ్వు టీ తాగడానికి కిందికి వెళ్ళావు. నాన్న డాక్టరు కోసం వెళ్ళాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తాతయ్య అప్పటికి తల ఎత్తలేకపోతున్నాడు. "హావెయా. నీళ్ళలో" అన్నాడు. నేను తల ఊపితే చాల్లేదు, పైకి చెప్పమన్నాడు. "సరే తాతయ్యా, హావెయాలో, నీళ్ళలో" అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. నువ్వు పైకి వచ్చేసరికి ఆయనకి స్పృహ లేదు. ఆయన విన్న ఆఖరి మాట నాది. దాన్ని నువ్వు నన్ను అడక్కుండా, ఒడ్డున నిలబడి, పాట అయిపోగానే తీసేశావు.

ఆ సరస్సు మీద ప్రతి వేసవీ పడవలు తిరుగుతాయి, నీళ్ళలో నూనె తేలుతుంది. పిల్లలు ఈదుతూ అందులోనే కానిస్తారు. దానికి ఏమీ కాలేదు. మా తాతయ్య పిడికెడు బూడిదతో పాడైపోతుందా? నీళ్ళు అందరివీ. రావిరి గారు నీకు పరిచయమై ఎన్నాళ్ళయింది? తాతయ్యతో నలభై నాలుగేళ్ళున్నావు. ఆ కొండతో మాట్లాడే మనిషి ఒకరోజు అన్నం మానేస్తే నలభై నాలుగేళ్ళు కొట్టుకుపోతాయా?

నాన్నకి నేనే ఫోన్ చేసి చెప్పాను. జూలై సెలవుల్లో టిమరు వచ్చి డబ్బా తీసుకుని తనే హావెయా వెళ్తానన్నాడు. నేను ఆయనతో వెళ్తాను.

బ్రైడీ


టిమరు
1997 ఏప్రిల్ 5

బ్రైడీకి,

నీ ఉత్తరం అందింది. తేదీ ఉంది, విషయం స్పష్టంగా ఉంది, అక్షరదోషాలు లేవు. కోపంలో అంత శుభ్రంగా రాయగలిగావు, సంతోషం.

డబ్బా మీ నాన్నకివ్వను. నీకూ ఇవ్వను. అతను పోలీసును తీసుకొచ్చినా ఇవ్వను. వచ్చే పోలీసు ఎవరో కూడా నాకు తెలుసు. లెక్కల్లో వాణ్ణి రెండుసార్లు ఫెయిల్ చేశాను.

నలభై నాలుగేళ్ళు ఎక్కడికీ కొట్టుకుపోలేదు. వాటి కాపలా నాది, నీది కాదు.

నీళ్ళు అందరివీ అన్నావు. అందరిలో ఎవర్నడిగావు? నీకూ మీ నాన్నకూ అవి ఈదే నీళ్ళు. వాటిలోంచి తినేవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వున్న దీవిలో అడగడానికి మనుషులకు కొదవ లేదు. రావిరి మాట నమ్మకు, నా మాటా నమ్మకు. అడిగి రాయి.

మీ నానమ్మ


వైటాంగి
1997 ఏప్రిల్ 27

నానమ్మకు,

అడిగాను. నీకు భయపడి కాదు. అడక్కపోతే ఇంకో ఉత్తరం వస్తుందని.

ముందు ఒక చిన్న సంగతి చెప్తాను. వారం కింద నేను తల దువ్వుకుని దువ్వెన వంటింటి బల్ల మీద పెట్టాను. హినెవై గారు దాన్ని తీసి నా గదిలో పెట్టి, వేడినీళ్ళు తెచ్చి బల్లంతా రుద్ది కడిగారు. నా మొహం వంక చూడలేదు. నాకు చాలా సిగ్గేసింది. ఏదో మురికి అనుకున్నారని మొదట కోపం కూడా వచ్చింది. తరువాత చూస్తే ఆ ఇంట్లో ఎవరూ తలకు సంబంధించినవి తిండి దగ్గర పెట్టరు. నాలుగు నెలల నుంచి చూస్తూనే ఉన్నాను, కళ్ళకి ఆనలేదు.

మొన్న ఆవిడ పెరట్లో చేపలు శుభ్రం చేస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. ఇక్కడి మడుగులో ఎవరైనా అస్థికలు కలిపితే ఏం చేస్తారని. ఆవిడ కత్తి ఆపలేదు. కొన్నాళ్ళు అటు వెళ్ళకుండా ఉంటామన్నారు, పెద్దవాళ్ళు సరే అన్నాకే వెళ్తామన్నారు. మా తాతయ్య గురించి అడుగుతున్నానని చెప్పాను.

"మంచివాడేనా?"

"చాలా మంచివాడండీ."

"మరి ఆయన పేరెత్తితే జనం ఆ ఒడ్డుకు పోవడం మానేసేట్టు ఎందుకు చేస్తావమ్మా?"

ఆవిడ ఇంకో చేప అందుకున్నారు.

కాబట్టి నీళ్ళ సంగతి ఒప్పుకుంటున్నాను. నాన్నకి కూడా రాశాను. నేను కూడా నీ వైపు వెళ్ళిపోయానని ఆయన అంటున్నాడు. నేను ఎవరి వైపూ లేను నానమ్మా. నా మాట సంగతి ఇంకా అలాగే ఉంది. తాతయ్య అది విని, నమ్మి కళ్ళు మూసుకున్నాడు. అది అబద్ధమైపోయింది. నేను చనిపోతున్న మనిషికి అబద్ధం చెప్పినట్టయింది. ఆ మాటని ఇప్పుడు నేను ఏం చెయ్యను? దీనికి నీ దగ్గర జవాబుంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు, సర్దిచెప్పకు.

బ్రైడీ


టిమరు
1997 మే 11

బ్రైడీకి,

నీ ప్రశ్న సరైనది. జవాబుంది.

మీ తాతయ్య ఉద్దేశం వేరని చెప్పి నిన్ను ఓదార్చను. ఆయన నీళ్ళలో అన్నాడు, నీళ్ళనే అనుకున్నాడు. ప్రతి జనవరీ ఆ సరస్సు మీద పడవలో కూర్చుని, చేప పడినా పడకపోయినా పొద్దుపోయేదాకా ఇంటికి రాని మనిషి. అక్కడే ఉండిపోవాలనుకున్నాడు. తెలియక అడిగాడు. తెలియకే నువ్వు సరే అన్నావు. అందులో అబద్ధం లేదు. నీ మాట నువ్వన్న రోజున నిజం.

ఆ మాట ఇచ్చింది నువ్వు. తప్పుతున్నది నేను. ఈ రెంటినీ కలపకు. అస్థికలు ఎక్కడ ఉంచాలన్నది భార్యగా నా నిర్ణయం, తెలిసే తీసుకున్నాను. పైన ఆయన ఎదురై అడిగితే నేనే జవాబు చెప్తాను. నాతో వాదించి ఆయన ఒక్కసారీ గెలవలేదు. నీ పేరు అక్కడ ఎత్తనివ్వను.

మీ నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి పెట్టెయ్యలేదు, అది ఎదుగుదలే. "ఆ మనిషి నిన్ను మార్చేశాడు" అన్నాడు. నన్ను మార్చడం అంత తేలికైతే ఇన్నేళ్ళలో నువ్వే మార్చుకుని ఉండేవాడివి గ్రేమ్ అన్నాను. దాంతో అతని గొంతు తగ్గింది. తను రెండు వేసవులు రాకపోయింది తీరిక లేక కాదని, ఆ మూత తియ్యలేకని చెప్పాడు. అది నాకు తెలియదు. అయినా నా నిర్ణయం మారదని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు.

హావెయాలో సరస్సుకు ఎగువన గట్టు మీద ఊరి శ్మశానం ఉంది. చిన్నది, చుట్టూ కంచె ఉంది, గాలి బాగా వీస్తుంది. అక్కడ నిలబడితే నీళ్ళు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనిపిస్తాయి. కిందటి వారం నేనూ రావిరీ వెళ్ళి చూసి, చోటు ఖాయం చేసుకుని వచ్చాం. మీ తాతయ్య ఆ నీళ్ళను చూస్తూ ఉంటాడు, వాటిలో ఉండడు. ఆయన అడిగింది పూర్తిగా ఇవ్వడం లేదు. ఇవ్వగలిగింది ఇస్తున్నాను. తక్కువైందని ఎవరైనా అంటే, అవును తక్కువే అంటాను.

రావిరి తన మేనత్తకు ఈ సంగతి చెప్పాడు. ఎనభై దాటిన మనిషి. ప్రార్థన చెప్పడానికి తనొస్తానని, తనని ఎవరూ పిలవనక్కర్లేదని కబురు పంపింది. ఆవిడా నేనూ ఒకే కారులో ఉంటే దారి పొడుగునా ఎవరు ఎవరిని సరిదిద్దుతారోనని రావిరి ఇప్పటి నుంచే దిగులు పడుతున్నాడు.

ఇకమీదట జరగవలసినవి:

1. జూలై సెలవులు మొదలైన రోజు విమానానికి నీ టికెట్టు ఇప్పుడే తీసుకో. పొగమంచుకు విమానం ఆగిపోతే తరువాతి దానికి రా. నేను తొందరపడను.

2. మీ నాన్న కారులో తీసుకెళ్తానంటే వస్తాను. రావిరికీ, వాళ్ళ మేనత్తకీ చోటుంటేనే ఎక్కుతాను. ఈ మాట ముందే అతని చెవిన వెయ్యి.

3. రాయి మీద పేరూ, రెండు తేదీలూ చాలు. చేప బొమ్మ చెక్కించాలని మీ నాన్నకు ఉంది. వద్దని నువ్వే చెప్పు, నువ్వు చెప్తే వింటాడు.

4. రావిరి నా పక్కన నిలబడతాడు. వెనక వరసలో కాదు.

5. మూత మీ నాన్న తియ్యడు. నేను తీస్తాను. అతను నా చెయ్యి పట్టుకుంటే చాలు.

6. మొదటి మట్టి నువ్వు వెయ్యాలి. వేసేటప్పుడు ఏడుపొస్తే ఏడువు, ఆపుకోమని నేననను.

7. మీ నాన్న రాకపోయినా ఇది జరుగుతుంది. రావిరి రాలేకపోయినా జరుగుతుంది. నువ్వు రాకపోతే జరగదు.